అంతర్యుద్ధంలో నార్త్ కరోలినా: తరచుగా అడిగే ప్రశ్నలు

కేరీ, మోరిస్‌విల్, డర్హం వైపు స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో పిల్లలు ఎనిమిదో క్లాసుకి వచ్చేసరికి ఈ రాష్ట్ర చరిత్ర పాఠాలు మొదలవుతాయి. హోంవర్క్ దగ్గర కూర్చున్న అమ్మానాన్నలకీ, వేసవికి వచ్చిన తాతయ్యలకీ బోలెడు సందేహాలు. వాటిలో పదేపదే ఎదురయ్యేవి ఇక్కడ ఉన్నాయి. సేనాపతుల ఎత్తుగడల మీద పుస్తకాలు కొల్లలుగా ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోలేదు. ఇంట్లో పిండి డబ్బా ఖాళీ అయిన సంగతి తెలియకపోతే ఈ రాష్ట్రపు సిపాయి కథ అర్థం కాదని నా నమ్మకం. జవాబులు ఆ వైపు మొగ్గితే ఏమీ అనుకోకండి.

అసలు ఎవరికీ ఎవరికీ యుద్ధం? రెండు ముక్కల్లో చెప్పండి.

1860 నవంబరులో అబ్రహాం లింకన్ అధ్యక్షుడిగా గెలిచాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకుండా అడ్డుకుంటానన్న పార్టీ ఆయనది. దాంతో దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోయి కాన్ఫెడరసీ పేరుతో వేరు కాపురం పెట్టాయి. విడిపోయే హక్కు ఎవరికీ లేదన్న ఉత్తరాది ప్రభుత్వం యూనియన్. 1861 ఏప్రిల్‌లో మొదలైన పోరు 1865 వసంతం దాకా సాగింది.

పేరులో నార్త్ ఉంది కదా, ఉత్తరాది వైపు కాదా?

కాదు. సౌత్ కరోలినాకి పైన ఉందని ఆ పేరు, అంతే. ఇది కాన్ఫెడరసీ రాష్ట్రమే.

యుద్ధం బానిసత్వం గురించా, రాష్ట్రాల హక్కుల గురించా? బడిలో ఒకలా, పక్కింటాయన ఒకలా చెబుతున్నారు.

రాష్ట్రాల హక్కులు అన్నవాళ్లని "ఏ హక్కు?" అని ఇంకొక్క ప్రశ్న అడగండి. మాట తిరిగి తిరిగి బానిసల దగ్గరికే వస్తుంది. 1860 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో 9,92,622 మంది ఉంటే, అందులో 3,31,059 మంది బానిసలు. ముగ్గురిలో ఒకరు అన్నమాట. ఇంకో 30 వేల మంది స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లు, పేరుకే స్వేచ్ఛ అనుకోండి.

అయితే తెల్ల కుటుంబాల్లో మూడొంతుల దాకా ఒక్క బానిస కూడా లేనివాళ్లే. తూర్పున సముద్రం వైపు పెద్ద తోటలు, మధ్యలో సొంత చేత్తో దున్నుకునే చిన్న రైతులు, పడమట కొండల్లో మరీ పేద బతుకులు. ఈ మూడు ప్రాంతాలకీ యుద్ధం మూడు రకాలుగా వచ్చింది. కింది జవాబుల్లో ఈ తేడా గుర్తుంచుకుంటే చాలా విషయాలు వాటంతటవే విడిపోతాయి.

ఈ రాష్ట్రం ఇష్టం లేకుండానే చేరిందని విన్నాను. నిజమేనా?

మొదట్లో ఇష్టం లేదు. 1861 ఫిబ్రవరి 28న, విడిపోవడం గురించి చర్చించడానికి సభ పెట్టాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. వద్దన్నవాళ్లు 47,323, కావాలన్నవాళ్లు 46,672. తేడా 651 ఓట్లు. ఏప్రిల్‌లో సౌత్ కరోలినాలోని సమ్టర్ కోట మీద కాన్ఫెడరేట్లు ఫిరంగులు పేల్చారు, లింకన్ 75 వేల మంది సైనికుల్ని పంపమని రాష్ట్రాలను అడిగాడు. నార్త్ కరోలినా నుంచి ఒక్కరిని కూడా పంపనని గవర్నర్ జాన్ ఎల్లిస్ బదులు చెప్పాడు. మే 20న రాష్ట్ర రాజధాని రాలీలో సభ ఏకగ్రీవంగా విడిపోవాలని తీర్మానించింది.

ఆ మలుపుకి జెబులన్ వాన్స్ చక్కని ఉదాహరణ. దేశం కలిసే ఉండాలని చెయ్యెత్తి ఉపన్యసిస్తుండగా సమ్టర్ కబురు తెలిసిందనీ, ఎత్తిన చెయ్యి దిగేసరికి తాను విడిపోయేవాళ్ల పక్షాన ఉన్నాననీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. రాజకీయ నాయకుడు చెప్పిన కథ కాబట్టి కొంచెం ఉప్పూకారం ఉండొచ్చు. సైన్యంలో చేరి కల్నల్ అయ్యాడు, 1862 ఆగస్టులో 32 ఏళ్లకే గవర్నర్‌గా గెలిచాడు. ఇక్కణ్ణుంచి ఆయన పేరు చాలాసార్లు వస్తుంది.

సైన్యంలోకి ఎవరు వెళ్లారు? అక్కడ బతుకు ఎలా ఉండేది?

కాన్ఫెడరేట్ సైన్యంలో ఈ రాష్ట్రం వాళ్లు సుమారు 1,25,000 మంది పనిచేశారని అంచనా. మొదటి ఏడాది ఉత్సాహంగా వెళ్లారు. ఒక కౌంటీ కుర్రాళ్లంతా ఒక కంపెనీ, తమ కెప్టెన్‌ని తామే ఓటేసి ఎన్నుకునేవారు. అన్నదమ్ములు, బావామరదులు, ఒకే చర్చికి వెళ్లేవాళ్లు పక్కపక్కనే నిలబడ్డారు. ధైర్యానికి అది మంచిదే. కానీ ఒక చెడ్డ రోజు వచ్చిందంటే ఒక ఊరు ఊరంతా శోకాలు పెట్టాల్సి వచ్చేది.

పల్లె దాటి ఎరగని కుర్రాళ్లని వేలమందిని ఒకచోట చేర్చేసరికి తట్టు, టైఫాయిడ్, విరేచనాలు చుట్టుముట్టాయి. రాలీ పడమటి పొలిమేరలో ఉన్న క్యాంప్ మాంగమ్ లాంటి శిక్షణ శిబిరాల్లోనే, తూటా చప్పుడు వినకముందే కొందరు పోయారు. యుద్ధం మొత్తం మీద చూసినా ఇరువైపులా తూటాల కన్నా రోగాలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి.

మామూలు సిపాయి జీతం నెలకి 11 డాలర్లు, 1864లో 18 చేశారు. అదీ నెలల తరబడి అందేది కాదు. తిండి అంటే మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పంది మాంసం, అదీ రానురాను సగం, పావు. బూట్లు లేక చలికాలంలో గోనెగుడ్డలు చుట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

పోరాటం సంగతికి ఒక్క రెజిమెంట్ చెబుతాను. 26వ నార్త్ కరోలినా రెజిమెంట్, ఒకప్పుడు వాన్స్ నడిపినదే, 1863 జూలై 1న పెన్సిల్వేనియాలోని గెటీస్‌బర్గ్ దగ్గర సుమారు 800 మందితో అడవిలోకి దిగింది. సాయంత్రానికి 588 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. కల్నల్ హెన్రీ బర్గ్విన్‌కి 21 ఏళ్లు. జెండా పట్టుకున్నవాడు ఒక్కొక్కడే కూలిపోతుంటే తానే అందుకుని ప్రాణం వదిలాడు. ఆ మిగిలినవాళ్లనే రెండు రోజుల తర్వాత మళ్లీ దాడికి పంపారు.

బలవంతంగా తీసుకెళ్లారా? డబ్బున్నవాళ్లు తప్పించుకున్నారా?

రెండూ నిజం. 1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ నిర్బంధ భర్తీ చట్టం తెచ్చింది. మొదట 18 నుంచి 35 ఏళ్లవాళ్లు, ఆ ఏడాదే 45 దాకా, 1864 వచ్చేసరికి 17 నుంచి 50 దాకా. డబ్బున్నవాడు తన బదులు ఇంకొకణ్ణి కొని పంపొచ్చు. ఆ వెసులుబాటు 1863 చివరిదాకా ఉంది. 1862 అక్టోబరులో ఇంకో మినహాయింపు వచ్చింది: 20 మంది బానిసలున్న తోటకి కాపలాగా ఒక తెల్ల మగవాడు ఇంటి దగ్గరే ఉండొచ్చు. ఈ చట్టం చేసినంత చెరుపు ఉత్తరాది ఫిరంగులు కూడా చేయలేదేమో అనిపిస్తుంది. ధనవంతులు పెట్టిన యుద్ధంలో పేదవాళ్లు కొట్టుకు చస్తున్నారన్న మాట అప్పటి జనం నోట నానింది.

రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి రిచ్మండ్ పియర్సన్ మాత్రం తన దగ్గరకొచ్చిన అర్జీలు చూసి, చట్టప్రకారం పట్టుకోలేదనిపించినవాళ్లని వదిలేయమని ఆజ్ఞలిచ్చేవాడు. యుద్ధం నడుమ కోర్టు అలా నిలబడటం విశేషమే. గవర్నర్ వాన్స్‌కి ఆ తీర్పులు నచ్చకపోయినా, కోర్టు మాట కాదని మనుషుల్ని పట్టుకోవద్దని కాన్ఫెడరేట్ రాజధాని రిచ్మండ్‌తో తగవు పడ్డాడు.

మగవాళ్లంతా వెళ్లిపోతే ఇళ్లు ఎలా నడిచాయి?

కష్టంగా. బానిసలు లేని ఇంట్లో నాగలి పట్టేది భర్తే. అతను పోయాక ఆవిడ దున్నాలి, పంది పిల్లల్ని మేపాలి, కట్టెలు కొట్టాలి, చంటిపిల్లని చూసుకోవాలి. పండిన దాంట్లో పదోవంతు 1863 నుంచి కాన్ఫెడరేట్ ప్రభుత్వానికి పన్నుగా ధాన్యం రూపంలో ఇవ్వాలి. దాని పైన సైన్యం అవసరానికి గుర్రాన్నో, మొక్కజొన్న కంకుల్నో తోలుకుపోయి, ప్రభుత్వం నిర్ణయించిన ధర కాగితం చేతిలో పెట్టేవారు.

ఆ కాగితానికి విలువ ఎంత? ఇక్కడ 1862లో 18 డాలర్లున్న గోధుమపిండి పీపా యుద్ధం ముగిసే నాటికి 500 డాలర్ల దాకా ఎక్కింది. మొక్కజొన్న బుషెల్ (ధాన్యం కొలత, సుమారు 25 కిలోలు) డాలరు చిల్లర నుంచి 30 డాలర్లకి. సిపాయి నెల జీతం మొత్తం పంపినా ఇంట్లో వారం తిండికి చాలదు.

కాఫీ మానేసి రై గింజలు, చిలగడదుంప ముక్కలు, బెండ గింజలు మాడ్చి కాచుకున్నారు. తీరం వైపు యోపాన్ అనే చెట్టు ఆకులతో టీ పెట్టుకునేవారు. అటకెక్కిన రాట్నాలూ మగ్గాలూ మళ్లీ కిందికి దిగాయి. పత్తి ఉంది, కానీ ఏకులు చేయడానికి తీగపళ్లున్న దువ్వెన చెక్కలు ఉత్తరాది నుంచి వచ్చేవి, అవి ఆగిపోయాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే ఓడలో వాటిని తెప్పించి పంచాల్సి వచ్చింది.

ఇవన్నీ ఎలా తెలిశాయంటే, ఆడవాళ్లు వాన్స్‌కి ఉత్తరాలు రాశారు. అక్షరాలు తప్పులతడకగా, చిత్తుకాగితాల మీద. మా ఆయన్ని నాట్లకి పదిహేను రోజులు పంపండి, నలుగురు కొడుకుల్లో ముగ్గురు పోయారు, నాలుగోవాణ్ణి వదిలేయండి, ఫలానా వ్యాపారి ధాన్యం దాచి ఎక్కువకి అమ్ముతున్నాడు, ఏమైనా చేయండి... ఈ ధోరణిలో సాగుతాయి. ఆ ఉత్తరాలు రాలీలోని రాష్ట్ర పురాలేఖనాగారంలో ఉన్నాయి. ప్రభుత్వం మరీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు: 1863లో సిపాయిల కుటుంబాల కోసం 10 లక్షల డాలర్లు కేటాయించింది, కౌంటీలు ధాన్యం కొని పంచాయి. ఆ డబ్బు విలువ కరిగిపోతుంటే సాయం ఎంతని ఆనుతుంది?

ఆడవాళ్లు కొట్ల మీద పడి పిండి దోచుకున్నారంటారు...

1863 మార్చి 18న సాల్స్‌బరీ పట్టణంలో. సుమారు 50 మంది సిపాయిల భార్యలు, తల్లులు గొడ్డళ్లు పట్టుకుని వ్యాపారుల దగ్గరకీ రైలు స్టేషన్ దగ్గరకీ వెళ్లారు. ప్రభుత్వ ధరకి అమ్మమని అడిగారు. కాదన్నచోట గిడ్డంగి తలుపు పగలగొట్టారు. 20కి పైగా పీపాల గోధుమపిండి, కొంత బెల్లపు పాకం, ఉప్పు బస్తాలతో ఇంటికెళ్లారు. వాళ్లలో ఒకావిడ మూడు రోజుల తర్వాత గవర్నర్‌కి ఉత్తరం రాసి, తామెందుకు అలా చేయాల్సి వచ్చిందో వివరించింది. నాకైతే దోపిడీ కన్నా ఆ ఉత్తరమే గొప్పగా తోస్తుంది. అందరికీ తెలిసిన రిచ్మండ్ రొట్టెల అల్లరి దీని తర్వాత, ఏప్రిల్ 2న జరిగింది.

ఉప్పు కోసం మనుషుల్ని చంపారా?

ఫ్రిజ్‌లు లేని రోజులు. చలికాలంలో కోసిన పంది మాంసం ఏడాదంతా నిలవ ఉండాలంటే ఉప్పు తప్పదు. యుద్ధానికి ముందు చాలావరకు ఓడల్లో వచ్చేది, అది ఆగిపోయింది. మాంసం వేలాడదీసే గదుల్లో నేల మీద మట్టిని తవ్వి, నీళ్లలో కలిపి మరిగించి ఉప్పు తీసుకున్నారు. రాష్ట్రం ఏకంగా ఉప్పు కమిషనర్‌ని పెట్టి, విల్మింగ్టన్ దగ్గర సముద్రపు నీళ్లు కాచించింది, వర్జీనియాలోని సాల్ట్‌విల్ నుంచి కూడా తెప్పించి కౌంటీలకి పంచింది.

పంపకంలోనే పగలు మొదలయ్యాయి. మాడిసన్ కౌంటీ కొండల్లో షెల్టన్ లారెల్ అనే లోయ ఉంది. అక్కడివాళ్లలో ఎక్కువమంది యూనియన్ పక్షం. తమకి ఉప్పు అందనివ్వట్లేదన్న కోపంతో 1863 జనవరిలో కొందరు మార్షల్ పట్టణం మీద పడి ఉప్పు పట్టుకుపోయారు, ఒక కాన్ఫెడరేట్ కల్నల్ ఇంట్లో జ్వరంతో పడి ఉన్న పిల్లలున్నా వదలకుండా దోచారు. బదులు తీర్చడానికి వచ్చిన 64వ నార్త్ కరోలినా రెజిమెంట్ ఎవరో పరాయి పటాలం కాదు, ఆ చుట్టుపక్కలవాళ్లే. దాక్కున్న మగవాళ్ల జాడ చెప్పమని ఆడవాళ్లని కొట్టారు. 15 మందిని పట్టుకున్నారు, ఇద్దరు తప్పించుకున్నారు, మిగతా 13 మందిని దారిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాల్చేశారు. వాళ్లలో 13 ఏళ్ల కుర్రాడున్నాడు. దోపిడీలో పాల్గొనని వాళ్లూ ఉన్నారు. వాన్స్ స్వయంగా ఆ కొండ ప్రాంతం మనిషే. విచారణ జరపమని పట్టుబట్టాడు. ఆజ్ఞ ఇచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ జేమ్స్ కీత్ సైన్యం నుంచి తప్పుకున్నాడు, యుద్ధం తర్వాత జైల్లో పడ్డాడు, 1869లో అక్కణ్ణుంచి పారిపోయాడు. శిక్ష పడలేదు.

ఇంతమంది సిపాయిలు పారిపోయారట. పిరికితనమా?

గెటీస్‌బర్గ్‌లో నిలబడ్డ రెజిమెంట్లలోంచి కూడా పారిపోయారు, కాబట్టి ఆ మాట అతకదు. ఇంటి నుంచి వచ్చే ఉత్తరం చాలామందిని కదిలించింది. పిల్లలు ఆకలితో ఉన్నారని భార్య రాస్తే నాట్లు వేసి మళ్లీ వస్తానని వెళ్లినవాళ్లు కొందరు, నిజంగానే తిరిగి వచ్చారు కూడా. సైన్యం దృష్టిలో మాత్రం అందరూ ఒకటే, దొరికితే తుపాకీ దళం ముందు నిలబెట్టే వీలుంది. వాన్స్ 1863 మొదట్లో తిరిగి వచ్చేవాళ్లకి క్షమాభిక్ష ప్రకటించాడు. 1864 వసంతంలో వర్జీనియా వెళ్లి శిబిరాల్లో ఉపన్యాసాలిచ్చి ఉత్సాహపరిచాడు.

రాష్ట్రం నడిబొడ్డున, రాండాల్ఫ్ కౌంటీ చుట్టూ, పారిపోయినవాళ్లు అడవుల్లో గుహలు తవ్వుకుని నెలల తరబడి ఉన్నారు. అన్నం పెట్టింది ఇంటి ఆడవాళ్లే. హోంగార్డు వస్తోందంటే ఫలానా రంగు బొంత ఆరేయడం లాంటి సైగలు ఉండేవి. 1863 జూలైలో ఏర్పడిన ఈ హోంగార్డు పనే వాళ్లని పట్టుకోవడం. భర్త ఎక్కడున్నాడో చెప్పమని ఒకావిడ బొటనవేళ్లని కంచె దుంగల కింద పెట్టి నొక్కిన సంగతి 1864లో గవర్నర్‌కి రాసిన ఉత్తరంలో ఉంది. పొరుగువాడే హోంగార్డు, పొరుగువాడే అడవిలో. యుద్ధం ముగిశాక కూడా వీళ్లు ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకోవాలి మరి.

యుద్ధం వద్దన్నవాళ్లు బయటపడి మాట్లాడారా?

కొందరు మతం వల్ల. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఆయుధం పట్టరు. 500 డాలర్లు కట్టి మినహాయింపు తెచ్చుకోవచ్చని చట్టం అనుమతించింది. కొందరు రహస్యంగా: హీరోస్ ఆఫ్ అమెరికా అనే సంఘం వాళ్లు ఎర్ర దారం గుర్తుగా పెట్టుకునేవారు, అందుకే వాళ్లకి రెడ్ స్ట్రింగ్స్ అని పేరు. బాహాటంగా మాట్లాడింది రాలీ పత్రికా సంపాదకుడు విలియం హోల్డెన్. 1863 వేసవిలో ఆయన ప్రోత్సాహంతో రాష్ట్రమంతటా శాంతి సభలు జరిగాయి. సెప్టెంబరు 9 రాత్రి రాలీ మీదుగా వెళుతున్న జార్జియా సైనికులు ఆయన పత్రిక ఆఫీసుని ధ్వంసం చేశారు. తెల్లారేసరికి ఆయన అభిమానులు వెళ్లి అవతలి పక్షం పత్రికని ధ్వంసం చేశారు. చెల్లుకి చెల్లు.

1864 గవర్నర్ ఎన్నికల్లో హోల్డెన్ వాన్స్ మీద నిలబడి చిత్తుగా ఓడాడు. జనానికి యుద్ధం మీద విసుగుంది, కానీ వాన్స్ మీద నమ్మకం పోలేదు. యుద్ధం తర్వాత హోల్డెన్ గవర్నర్ అయ్యాడు, 1871లో అభిశంసనతో పదవి పోగొట్టుకున్నాడు. రాష్ట్ర సెనేట్ 2011లో ఆయన్ని క్షమించింది!

బానిసలుగా ఉన్నవాళ్లకి యుద్ధం ఎలా గడిచింది?

ఒక ఫిరంగి చప్పుడు కోసం ఎదురుచూసినట్టు గడిచింది. 1862 ఫిబ్రవరిలో యూనియన్ జనరల్ బర్న్‌సైడ్ రోనోక్ దీవిని, మార్చి 14న న్యూ బర్న్ పట్టణాన్ని పట్టుకున్నాడు. తూర్పు తీరంలో చాలా భాగం యుద్ధం చివరిదాకా ఉత్తరాది చేతిలోనే ఉంది. రాత్రిళ్లు పడవల్లో, చిత్తడి నేలల్లో పడి కుటుంబాలకి కుటుంబాలు అక్కడికి నడిచాయి. ఇది గమనించండి: కాన్ఫెడరసీలోని బానిసలకి స్వేచ్ఛనిస్తూ లింకన్ చేసిన విముక్తి ప్రకటన 1863 జనవరిలో వచ్చింది, వీళ్లు అంతకుముందే కదిలారు. ఆ దారి మూయడానికి యజమానులు బానిసల్ని లోపలి కౌంటీలకి తోలుకుపోయారు.

న్యూ బర్న్‌లో వాళ్లకి నాయకుడు ఏబ్రహాం గాలొవే. విల్మింగ్టన్ దగ్గరి తీరంలో బానిసగా పుట్టి, 1857లో ఓడలో దాక్కుని పారిపోయి, యుద్ధంలో యూనియన్ గూఢచారిగా తిరిగి వచ్చాడు. 1863లో నల్లవాళ్లని సైన్యంలో చేర్చుకుంటామని ఉత్తరాది అధికారులు వస్తే, ఆయన వెంటనే సరేననలేదు. మా సిపాయిల కుటుంబాలకి తిండీ గూడూ, పిల్లలకి చదువూ, పట్టుబడితే కాన్ఫెడరేట్లు యుద్ధఖైదీలుగా చూసేలా పూచీ ఇవ్వండని బేరం పెట్టాడు. మాట ఇచ్చాకే వేలకొద్దీ ముందుకొచ్చారు. ఈ రాష్ట్రం నుంచి యూనియన్ వైపు పోరాడిన నల్ల సైనికులు సుమారు 5 వేలు. 1864లో వైట్‌హౌస్‌కి వెళ్లి లింకన్‌ని కలిసి ఓటుహక్కు అడిగినవాళ్లలో గాలొవే ఒకడు. 1868లో రాష్ట్ర సెనేటర్ అయ్యాడు, రెండేళ్లకే, ఇంకా యువకుడిగానే పోయాడు. పాఠ్యపుస్తకంలో ఈయనకి రెండు వాక్యాలు దక్కితే గొప్ప, నా లెక్కలో అది అన్యాయం.

రోనోక్ దీవిలో విముక్తులైనవాళ్ల కోసం ఒక కాలనీ కట్టారు. ఇళ్లు, బడులు, చర్చిలు వెలిశాయి. జనాభా 3 వేలు దాటింది. యుద్ధం తర్వాత ఆ భూమిని పాత యజమానులకే తిరిగి ఇచ్చేశారు, కాలనీ 1867కి ముగిసింది.

కాన్ఫెడరేట్ వైపు ఉండిపోయినవాళ్లకి వెట్టి మరీ పెరిగింది. సైన్యం యజమానుల దగ్గర నుంచి బానిసల్ని తీసుకెళ్లి విల్మింగ్టన్ దగ్గరి ఫిషర్ కోటకి మట్టి మోయించింది.

ఉత్తరాది సైన్యంలో ఈ రాష్ట్రం తెల్లవాళ్లు కూడా ఉన్నారా?

ఉన్నారు, కొన్ని వేల మంది. తూర్పున పేద రైతులు, జాలర్లు, పడమట కొండవాళ్లు. పట్టుబడితే మాత్రం గతి లేదు. 1864 ఫిబ్రవరిలో కాన్ఫెడరేట్ జనరల్ జార్జ్ పికెట్ న్యూ బర్న్ దగ్గర పట్టుకున్నవాళ్లలో 22 మందిని, ఇంతకుముందు మా సైన్యంలో ఉండి పారిపోయారంటూ, కిన్‌స్టన్‌లో ఉరితీయించాడు. చాలామంది ఇళ్లు ఆ దగ్గర్లోనే. భార్యల కళ్ల ముందే జరిగింది.

ఇక్కడి స్థానిక తెగలు?

పడమట చెరోకీలు విలియం హాలండ్ థామస్ అనే తెల్ల వ్యాపారి నాయకత్వంలో కాన్ఫెడరేట్ పక్షాన పోరాడారు. ఆయన్ని వాళ్లు తమవాడిగా చూసేవారు. రాబిసన్ కౌంటీలోని లంబీలని మాత్రం సిపాయిలుగా కాక, ఫిషర్ కోట దగ్గర కూలికి ఈడ్చుకెళ్లారు. తప్పించుకుని చిత్తడి అడవుల్లో చేరినవాళ్లకి హెన్రీ బెరీ లౌరీ నాయకుడయ్యాడు. 1865 మార్చిలో హోంగార్డు ఆయన తండ్రినీ అన్ననీ కాల్చి చంపింది. ఆ పగ మరో ఏడేళ్లు నడిచింది.

విల్మింగ్టన్ రేవు గురించి ఎందుకు అంత చెబుతారు?

ఉత్తరాది నౌకలు తీరమంతా దిగ్బంధిస్తే చివరిదాకా తెరిచి ఉన్న పెద్ద రేవు అదే. బూడిదరంగు వేసిన వేగమైన ఆవిరి ఓడలు పొగ తక్కువొచ్చే బొగ్గు కాలుస్తూ చీకట్లో బెర్ముడా, నాసావ్‌ల నుంచి వచ్చేవి. పత్తి పట్టుకెళ్లి తుపాకులు, బూట్లు, మందులు తెచ్చేవి. సారా, పట్టు, సెంటు కూడా తెచ్చేవి. లాభం వాటిలోనే ఎక్కువ. 1862లో కేట్ అనే ఓడ నాసావ్ నుంచి పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) తెచ్చింది. పదివేల లోపు జనాభా ఉన్న ఊళ్లో 600 మందికి పైగా పోయారు.

రాష్ట్రం కూడా అడ్వాన్స్ అనే సొంత ఓడ కొని 1863 నుంచి నడిపింది. తమ సిపాయిలకి తామే బట్టలిచ్చుకున్న రాష్ట్రం ఇది. ఇందులో ఒక చేదు ముక్క ఉంది: యుద్ధం ముగిసేనాటికి గిడ్డంగుల్లో 92 వేల జతల యూనిఫారాలు ఉన్నాయని వాన్సే తర్వాత గొప్పగా చెప్పుకున్నాడు. అదే సమయంలో వర్జీనియాలో కాన్ఫెడరేట్ జనరల్ లీ సైన్యం చలికి వణుకుతోంది. 1865 జనవరి 15న ఫిషర్ కోట, ఫిబ్రవరి 22న విల్మింగ్టన్ పడిపోయాయి.

మన తెలుగు నేలకి ఈ యుద్ధంతో సంబంధం ఏమైనా ఉందా?

ఉంది, పత్తి ద్వారా. అమెరికా పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మూతపడుతుంటే ఇంగ్లండు మన దేశం వైపు తిరిగింది. ధరలు ఎగిశాయి. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవుకి చేరి ఓడలెక్కింది. కాకినాడ వ్యాపారం బాగా పుంజుకున్నది ఆ రోజుల్లోనే. 1865లో యుద్ధం ఆగగానే ధర కూలి, నమ్ముకున్నవాళ్లు మునిగారు. విల్మింగ్టన్‌లో ఓడ దిగ్బంధం దాటిందా లేదా అన్నది గుంటూరు రైతుకి తెలియకుండానే అతని జేబుకి తగిలింది.

యుద్ధంలో బడులు నడిచాయా?

ఆశ్చర్యంగా, నడిచాయి. కాల్విన్ వైలీ అనే అధికారి బడుల నిధిని సైన్యానికి మళ్లించకుండా కాపాడాడు. పంతుళ్లు సైన్యానికి వెళితే పంతులమ్మలు వచ్చారు. చాపెల్ హిల్ విశ్వవిద్యాలయం కూడా కొద్దిమంది విద్యార్థులతోనే మూయకుండా నెట్టుకొచ్చింది. 1865లో ఊరు ఉత్తరాది చేతికొచ్చాక అధ్యక్షుడు డేవిడ్ స్వెయిన్ కూతురు ఎలెనోర్ యూనియన్ జనరల్ స్మిత్ ఆట్కిన్స్‌ని ప్రేమించి పెళ్లాడింది. ఊరు భగ్గుమంది, పెళ్లి ఆగలేదు.

సాల్స్‌బరీ జైలు కథేమిటి?

పాత పత్తి మిల్లులో పెట్టిన యుద్ధఖైదీల జైలు. 1862లో ఖైదీలు బేస్‌బాల్ ఆడుకున్నారు, దాని బొమ్మ కూడా ఉంది. 1864 అక్టోబరు కల్లా 2,500 మందికి సరిపోయే చోట 10 వేల మందిని కుక్కారు. గుడారాలు చాలక నేలలో గుంటలు తవ్వుకున్నారు. చనిపోయినవాళ్లని 18 పొడవాటి కందకాల్లో పూడ్చారు. అక్కడి స్మారకం మీద 11,700 అని ఉంటుంది. ఇప్పటి పరిశోధకుల లెక్క అందులో సగం కూడా కాదు.

యూనియన్ జనరల్ షెర్మన్ సైన్యం ఈ రాష్ట్రాన్ని తగలబెట్టిందా?

సౌత్ కరోలినాలో తగలబెట్టినంత కాదు. 1865 మార్చిలో 60 వేల మందితో వచ్చాడు. ఫయెట్‌విల్‌లో ఆయుధాగారాన్ని నేలమట్టం చేశాడు. దారిలో టర్పెంటైన్ తీసే పైన్ చెట్ల అడవులు అంటుకుని నల్లటి పొగ కమ్మేసింది. తిండి కోసం తిరిగే దళాలు కోళ్లు, పందులు, తేనె, దాచిన వెండి దేన్నీ వదల్లేదు. ఎత్తుకెళ్లినవాటిలో బానిసల ఇళ్లలోవీ ఉన్నాయి. మార్చి 19 నుంచి 21 దాకా బెంటన్‌విల్‌లో ఈ రాష్ట్రపు అతిపెద్ద యుద్ధం. హార్పర్ అనే రైతు ఇంటి కింది అంతస్తు ఆసుపత్రి అయింది; కింద కాళ్లూ చేతులూ కోస్తుంటే పైన ఆ కుటుంబం పిల్లలతో ఉంది.

ఎంతమంది చనిపోయారు?

40 వేలకి పైగా అని, కాన్ఫెడరసీలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువని చాలాకాలం చెప్పుకున్నారు, కొంత గర్వంగా కూడా. ఈమధ్య ఒక్కొక్క పేరూ సరిచూస్తే అది 35 వేల దరిదాపుల్లోకి దిగింది. ఇళ్లలో ఆకలితో, రోగంతో పోయినవాళ్లని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఎక్కడ, ఎలా ముగిసింది?

డర్హంలో, బెనెట్ అనే చిన్న రైతు ఇంట్లో. 1865 ఏప్రిల్ 17న షెర్మన్, కాన్ఫెడరేట్ జనరల్ జోసెఫ్ జాన్‌స్టన్ అక్కడ కలిశారు. లింకన్ హత్య జరిగిందన్న టెలిగ్రాం షెర్మన్ జేబులో ఉంది. జాన్‌స్టన్‌కి ఏకాంతంగా చూపించాడు. ఆ వార్త తెలిసి రాలీని తగలబెడతామని బయల్దేరిన యూనియన్ సైనికుల్ని వాళ్ల జనరల్ లోగన్ అడ్డుకుని వెనక్కి పంపాడు. ఏప్రిల్ 26న సంతకాలయ్యాయి. నాలుగు రాష్ట్రాల్లో 89 వేలకి పైగా సైనికులు లొంగిపోయారు, ఈ యుద్ధంలో ఇంతకన్నా పెద్ద లొంగుబాటు లేదు. బెనెట్ దంపతులు అప్పటికే ఇద్దరు కొడుకుల్నీ అల్లుణ్ణీ పోగొట్టుకున్నారు.

బేరాలు సాగిన ఆ రోజుల్లో ఇరుపక్షాల సిపాయిలూ డర్హం స్టేషన్ దగ్గర ఒక పొగాకు ఫ్యాక్టరీని ఖాళీ చేశారు. ఇళ్లకెళ్లాక ఆ రుచి మరవలేక ఇంకా పంపమని ఉత్తరాలు రాశారు. డర్హం పొగాకు సామ్రాజ్యం అలా మొదలైంది.

పిల్లల్ని తీసుకెళ్లి చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డర్హంలోని బెనెట్ ప్లేస్‌తో. ఇప్పుడున్న ఇల్లు అసలుది కాదు, అది 1921లో కాలిపోయింది. ఇది ఆ కాలపు కలపతో మళ్లీ కట్టినది. ఒక పూట చాలు. రెండోది బెంటన్‌విల్, కేరీ నుంచి కారులో సుమారు గంట. హార్పర్ ఇల్లు అసలుదే, లోపలికి గైడుతో వెళ్లాలి కాబట్టి వేళలు ముందే చూసుకోండి. సముద్రానికి వెళ్లేవాళ్లు కూరీ బీచ్ పక్కన ఫిషర్ కోట చూడొచ్చు, సగం పైగా అలలు మింగేశాయి. రాలీ క్యాపిటల్ భవనంలో 1861 సభ జరిగిన గదిలోకి వెళ్లొచ్చు. ఒక్క మాట: గాలొవే, న్యూ బర్న్, రోనోక్ కాలనీల సంగతి గైడులు అన్నిచోట్లా తమంతట తాము ఎత్తరు. మీ పిల్లల్నే అడగమనండి.